పాత రోటావేటర్‌కి జాయింట్ షాఫ్ట్ సరిపోవడం లేదు, దమ్ముకి ముందు ఎలా సరిచేసుకోవాలి?

మీరడిగింది ఇదీ: 45 హెచ్‌పీ ట్రాక్టర్‌కి సెకండ్ హ్యాండ్‌లో ఆరడుగుల రోటావేటర్ తీసుకున్నారు. హైడ్రాలిక్‌తో లేపుతుంటే మధ్యలో ఒక ఎత్తు దగ్గర ‘టక్’మని కొట్టుకుంటోంది. పీటీవో (ట్రాక్టర్ వెనక ఉండి పరికరాన్ని తిప్పే పళ్ల షాఫ్ట్) సీల్ దగ్గర ఆయిల్ చెమ్మ కనిపిస్తోంది. పీటీవోని రోటావేటర్ గేర్‌బాక్స్‌తో కలిపే జాయింట్ షాఫ్ట్ మీద ప్లాస్టిక్ గార్డు లేదు. పక్క చేను డ్రైవరేమో ‘షాఫ్ట్ నాలుగంగుళాలు కోసేయించు, అయిపోద్ది’ అన్నాడు. కోయించాలా, గార్డు అందరూ తీసేస్తున్నారు కదా, అది లేకుండా ఈ సార్వా గడిపేయొచ్చా అని అడిగారు.

కోయించాల్సిందేనండి, కానీ కొలవకుండా మాత్రం కోయించకండి. ఆ నాలుగంగుళాలు ఆయన ట్రాక్టర్ లెక్క. పీటీవో ఎంత వెనక్కి పొడుచుకొచ్చింది, లోయర్ లింకులు (రోటావేటర్‌ని పట్టుకునే కింది రెండు కడ్డీలు) ఎంత పొడుగు అన్నది కంపెనీకో రకం, ఒకే కంపెనీలో మోడల్‌కో రకం. రోటావేటర్‌తో వచ్చిన షాఫ్ట్‌ని ఏ ట్రాక్టర్‌కైనా పనికొచ్చేలా పొడుగ్గానే ఇస్తారు. అది కొన్నవాడు తన బండికి కొలిచి కోయించుకోవాలి. మీ రోటావేటర్ పాత ఓనరు ఏ బండికి వాడాడో, అసలు కోయించాడో లేదో మనకి తెలీదు. గార్డు సంగతి కింద విడిగా చెప్తాను, దాని మీద నాకు కొంచెం గట్టి అభిప్రాయమే ఉంది.

మాది కోనసీమలో కొత్తపేట దగ్గర. సొంత చేలు కాక చుట్టుపక్కల ఊళ్లకి కిరాయికి తిప్పుతాం. ధవళేశ్వరం నుంచి కాలవలకి నీళ్లు వదిలే ముందు మా మకాం దగ్గర ఏటా ఇదే పని కాబట్టి చేసే పద్ధతి చెప్తున్నాను.

ముందు ఆ ‘టక్’ ఏంటో చూద్దాం. షాఫ్ట్ అంటే ఒకదాంట్లో ఒకటి జారే రెండు గొట్టాలు. రోటావేటర్ లేస్తుంటే ట్రాక్టర్ వెనక పళ్ల షాఫ్ట్‌కీ, రోటావేటర్ గేర్‌బాక్స్ పళ్ల షాఫ్ట్‌కీ మధ్య దూరం మారుతుంది, గొట్టాలు ఆ మేరకి లోపలికీ బయటికీ జారతాయి. చాలామంది పూర్తిగా పైకి లేపినప్పుడు దూరం బాగా తగ్గుతుందనుకుంటారు. నిజానికి రెండు పళ్ల షాఫ్టులూ ఒకే ఎత్తులో తిన్నగా ఎదురుబొదురుగా వచ్చినప్పుడు తగ్గుతుంది, అక్కడి నుంచి ఇంకా లేపితే మళ్లీ పెరుగుతుంది. మీది మధ్యలో కొట్టుకుంటోంది అంటున్నారంటే అదే. గొట్టాలకి జారే చోటు అయిపోయి ఇనుము ఇనుముకి తన్నుకుంటోంది. టన్నుకు పైన ఎత్తగలిగే హైడ్రాలిక్ అది, ఆ బలమంతా షాఫ్ట్ గుండా పోయి ఒక పక్క పీటీవో బేరింగ్‌నీ, ఇంకో పక్క గేర్‌బాక్స్ బేరింగ్‌నీ నెడుతుంది. సీల్ దగ్గర ఆయిల్ చెమ్మ రావడం దాని మొదటి గుర్తు. ఇంజన్ ఆపి, షాఫ్ట్ తీసేసి, పీటీవో పళ్ల షాఫ్ట్‌ని చేత్తో పట్టుకుని పైకీ కిందకీ ఊపి చూడండి. ఊగుతుంటే సీల్ ఒక్కటి మార్చి లాభం లేదు, బేరింగ్ కూడా చూపించాలి. షాఫ్ట్ పని తేలేదాకా బండి చేలో దింపకండి.

‘టక్’ కాకుండా, లేపుతుంటే ‘గడగడ’మని వణుకు వస్తే అది వేరే జబ్బు. దాని గురించి తర్వాత చెప్తాను.

బిగించడం సిమెంటు గచ్చు మీదో గట్టి నేల మీదో పెట్టుకోండి. బండిని తిన్నగా రివర్స్‌లో తీసుకెళ్లేటప్పుడు ట్రాక్టర్‌కీ రోటావేటర్‌కీ మధ్యలో మనిషి ఉండకూడదు. ‘ఇంకొంచెం, ఇంకొంచెం’ అని చెయ్యి ఊపేవాడు పక్కన నిలబడాలి, మధ్యలో కాదు. దగ్గరికొచ్చాక ఇంజన్ ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి దిగండి. ఎడమ పక్క లోయర్ లింక్ ముందు తగిలించండి. కుడి పక్కదానికి తిప్పి ఎత్తు మార్చుకునే హ్యాండిల్ ఉంటుంది కాబట్టి అది తర్వాత సర్దుకోవచ్చు. చివర్లో టాప్ లింక్, అంటే పైన మధ్యలో ఉండే కడ్డీ. పిన్నుల మందం చూసుకోండి: చిన్న సైజు లోయర్ పిన్ను 22 మిల్లీమీటర్లు, పెద్దది 28. పెద్ద కంతలో చిన్న పిన్ను వేసి నడిపిస్తే కొన్నాళ్లకి కంత కోలగా అరిగిపోతుంది. బుష్ వేయించుకోండి, రెండు నిమిషాల పని. లాక్ పిన్నుల బదులు మేకులు, తీగలు పెట్టకండి.

తర్వాత మట్టం. పక్కలకి కుడి హ్యాండిల్‌తో, ముందు వెనకలకి టాప్ లింక్‌తో సరిచేయాలి. రోటావేటర్ పని చేసే ఎత్తులో ఉన్నప్పుడు గేర్‌బాక్స్ పళ్ల షాఫ్ట్, పీటీవో పళ్ల షాఫ్ట్ ఒకే వాలులో ఉండాలి. కంటితో తెలియకపోతే తాపీమేస్త్రి దగ్గర రసమట్టం అడిగి తెచ్చుకుని రెండిటి మీదా పెట్టి చూడండి. మేం అలాగే చూస్తాం. రెండు లింకులకీ టైర్లకీ మధ్య దూరం రెండు పక్కలా సమానంగా ఉండేలా చెక్ చైన్లు బిగించండి. కొంచెం ఆట ఉండాలి గానీ రోటావేటర్ అటూ ఇటూ ఊగి టైరుకి తగలకూడదు.

ఇప్పుడు కొలత. అసలు పని ఇదే, తొందరపడకండి. షాఫ్ట్ ఇంకా తగిలించొద్దు. రోటావేటర్‌ని మెల్లగా లేపి రెండు పళ్ల షాఫ్టులూ తిన్నగా వచ్చే ఎత్తు దగ్గర ఆపండి. కింద చెక్క దిమ్మలు పెట్టి బరువు వాటి మీద ఆనేలా దించండి. హైడ్రాలిక్‌ని నమ్మి కింద చేతులు పెట్టకూడదు. లోపల ఆయిల్ జారినా, ఎవరైనా పిల్లాడు సీటెక్కి లివర్ ముట్టుకున్నా నాలుగైదు వందల కేజీలు మీద పడతాయి. ఇంజన్ ఆపండి, తాళం చెవి జేబులో వేసుకోండి.

షాఫ్ట్‌ని రెండు ముక్కలుగా లాగండి. ఒక ముక్క పీటీవోకి, ఇంకోటి గేర్‌బాక్స్‌కి తగిలించి రెండిటినీ పక్కపక్కన ఆనించి పట్టుకోండి. ఒక గొట్టం చివర రెండోదాని జాయింటు వైపు ఎంతవరకూ వచ్చిందో కనిపిస్తుంది. అక్కడ గొట్టం ఇంకా లోపలికి జారడానికి కనీసం అంగుళం, అంగుళంన్నర ఖాళీ ఉండాలి. ఆ ఖాళీ వచ్చేలా సుద్దముక్కతో గీత పెట్టండి. గీత నుంచి చివరదాకా ఎంత వస్తే అంత కోయాలి. ఒక్క గొట్టం మాత్రమే కోయకూడదు, లోపలి గొట్టం, బయటి గొట్టం రెండూ అంతే కోయాలి. గార్డు ఉంటే దాని రెండు ప్లాస్టిక్ గొట్టాలూ అంతే.

కోయడానికి హ్యాక్సా వాడమనండి, లేదా లేత్ షాపులో కోయించండి. గ్యాస్ కటింగ్ వద్దు, వేడికి గొట్టం వంకరపోతే జారదు. కోసిన అంచుని ఆకురాయితో లోపలా బయటా అరగదీసి, ఇనప రజను తుడిచేసి, గొట్టాలకి గ్రీజు పట్టించండి. ఈ ఆఖరి పని చాలామంది వదిలేస్తారు. అంచు మొండిగా ఉంటే గొట్టం లోపల గీసుకుంటూ తిరిగి బిగుసుకుపోతుంది, అప్పుడు మళ్లీ ఆ ‘టక్’ తిరిగొస్తుంది.

కోశాక రెండో పరీక్ష: షాఫ్ట్ తగిలించి, పీటీవో ఆపే ఉంచి, ఈసారి దూరం బాగా పెరిగే చోట చూడాలి. రోటావేటర్‌ని బాగా కిందకి దించి ఒకసారి, పైకి లేపి దిమ్మలు పెట్టి ఒకసారి, రెండుసార్లూ ఇంజన్ ఆపాకే చూడాలి. ఆ రెండు చోట్లా గొట్టం కనీసం మూడో వంతు ఇంకోదాంట్లో ఉండాలి. లేకపోతే పని మధ్యలో షాఫ్ట్ ఊడి రెండు ముక్కలవుతుంది, పీటీవోకి ఉన్న ముక్క తిరుగుతూ దొరికినదాన్ని దొరికినట్టు కొడుతుంది. రేకులు చీల్చేస్తుంది, డ్రైవర్ సీటు దాకా వస్తుంది. పొట్టి అయిపోయిన గొట్టానికి ముక్క అతికించి వెల్డింగ్ చేస్తామని ఎవరన్నా అంటే వద్దనండి. వెల్డింగ్ చేసిన గొట్టం తిన్నగా తిరగదు, దాని లోపల గొట్టం జారదు. గొట్టం మార్చాలి, లేదా షాఫ్ట్ మార్చాలి.

తగిలించేటప్పుడు లాక్ బటన్ గాడిలో పడిందో లేదో చూడండి. బటన్ పైకి తేలాలి. ఆ తర్వాత షాఫ్ట్‌ని గట్టిగా వెనక్కీ ముందుకీ లాగి చూడాలి. బురద పట్టిన బటన్ సగం నొక్కుకుపోయి ఉండిపోతుంది, చూడ్డానికి పడినట్టే ఉంటుంది. పళ్లు కూడా లెక్కపెట్టుకోండి: మన బండ్లకి 540 స్పీడు (నిమిషానికి 540 చుట్లు) పీటీవో అంటే ఆరు పళ్లు, మందం అంగుళం మూడు నూళ్లు, అంటే 35 మిల్లీమీటర్లు. షాఫ్ట్ మీద ట్రాక్టర్ బొమ్మ ఉంటే ఆ వైపు ట్రాక్టర్‌కే. షేర్ బోల్ట్ (బరువు ఎక్కువైతే తెగే బోల్ట్) గానీ క్లచ్ (బరువు ఎక్కువైతే జారే ప్లేట్లు) గానీ ఉన్న వైపు రోటావేటర్ గేర్‌బాక్స్‌కి రావాలి.

ఇప్పుడు ఆ ‘గడగడ’ సంగతి. క్రాస్ జాయింటు (షాఫ్ట్ రెండు చివర్లా వంగడానికి ఉండే జాయింటు) వంగి ఉన్నప్పుడు తిప్పితే అది ఒకే వేగంతో తిరగదు. ఒక చుట్టులో రెండుసార్లు వేగం పెరుగుతుంది, రెండుసార్లు తగ్గుతుంది. రెండో జాయింటు ఆ తేడాని సరిచేయాలి. సరిచేయాలంటే షాఫ్ట్ మధ్య గొట్టాలకి రెండు చివర్లా ఉన్న యోకులు (క్రాస్‌ని పట్టుకునే రెండు చెవుల ముక్కలు) రెండూ ఒకే వరసలో ఉండాలి, ఇటు చెవులు అడ్డంగా ఉంటే అటు చెవులూ అడ్డంగానే. చదరం గొట్టం అయితే నాలుగు రకాలుగా దూరుతుంది, అందులో రెండే సరైనవి. గ్రీజు పెట్టడానికి ఊడదీసిన కుర్రాడు తిరిగి పెట్టేటప్పుడు ఒక పావు చుట్టు తేడాగా పెడితే అంతే, క్రాసులు తినేస్తుంది. ఊడదీయక ముందే రెండు గొట్టాల మీదా రంగు చుక్క పెట్టుకోండి. ఏడాదికి రెండు క్రాసులు పోతున్నాయి, సరుకు బాగుండటం లేదు అని వచ్చే ఫిర్యాదుల్లో సరుకు తప్పు కొంతే. నేను చూసినంతలో ఎక్కువ ఇదీ, షాఫ్ట్ వంపు ఎక్కువవడమూ.

వంపు గురించి మన వైపు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది. గచ్చు మీద అంతా సరిపోయిందని వదిలేయకండి. దమ్ములో వెనక చక్రాలు దిగుతాయి. కేజ్‌వీల్స్ (బురదలో దిగకుండా వేసే ఇనప చట్రాల చక్రాలు) వేసినా, మన బురదలో ట్రాక్టర్ వెనకభాగం కిందకి కూర్చుని ముక్కు పైకి లేస్తుంది. రోటావేటర్ మాత్రం బురద మీద తేలుతున్నట్టు ఉంటుంది. అంటే ట్రాక్టర్ లెక్కన రోటావేటర్ మామూలు కంటే పైకి ఉన్నట్టే. పొడి దుక్కిలో సరిపోయిన టాప్ లింక్ దమ్ములో సరిపోదు. మొదటి మడిలో ఒక సాలు వెళ్లాక బండి ఆపి, ఇంజన్ ఆపి, దిగి షాఫ్ట్ వాలు చూసి టాప్ లింక్ సర్దుకోండి. తిరిగేటప్పుడు షాఫ్ట్ వంపు 30 డిగ్రీలకి లోపే ఉండాలి. చిన్న చిన్న మళ్లు, అడుగడుక్కీ గట్టు, బోదె. తిప్పినప్పుడల్లా పీటీవో ఆపబుద్ధి కాదు, నాకు తెలుసు. మడిలో మలుపు దగ్గర బ్లేళ్లు నేల వదిలేంత, ఒక అడుగు లేపితే చాలు. అంతకంటే పైకి పోకుండా హైడ్రాలిక్ లివర్ దగ్గర స్టాపర్ పెట్టుకోండి. గట్టు దాటాలన్నా, రోడ్డెక్కాలన్నా పీటీవో ఆపాకే పూర్తిగా లేపాలి. డబుల్ క్లచ్ బండి అయితే పెడల్ సగం తొక్కితే బండి ఆగుతుంది గానీ పీటీవో తిరుగుతూనే ఉంటుంది. కిరాయికి కొత్తగా ఎక్కిన డ్రైవర్‌కి ఇది చెప్పి చూపించాలి.

ఇక గార్డు. ‘అందరూ తీసేస్తున్నారు కదా’ అన్నారు. తీసేస్తున్నారు, నిజమే. గడ్డి చుట్టుకుంటోందని, గ్రీజు పెట్టడానికి అడ్డమని, కోసేటప్పుడు ప్లాస్టిక్ కోయడం ఎవడు చూస్తాడని. నేనైతే గార్డు లేని షాఫ్ట్‌ని మా మకాం దాటనివ్వను. లెక్క చూడండి: 540 స్పీడు అంటే సెకనుకి తొమ్మిది చుట్లు. పళ్ల షాఫ్ట్ చుట్టుకొలత సుమారు 11 సెంటీమీటర్లు, అంటే సెకనుకి దాదాపు మీటరు బట్ట చుట్టేస్తుంది. జాయింటు దగ్గర అడ్డం పది సెంటీమీటర్లు అనుకుంటే సెకనుకి రెండున్నర మీటర్ల పైమాటే. లుంగీ మొత్తం సెకను లోపే. లివర్ దాకా చెయ్యి వెళ్లే టైమ్ ఉండదు, అరిచే టైమ్ కూడా ఉండదు.

మాకు తెలిసినాయన ఒకాయన ఇంజన్ నడుస్తుండగా వెనక నుంచే వంగి హైడ్రాలిక్ లివర్ అందుకోబోయాడు. భుజం మీది తువ్వాలు కొస జారి జాయింటు మీది గ్రీజు నిప్పిల్‌కి తగిలింది. ఉతికి ఉతికి పల్చబడిన తువ్వాలు కాబట్టి పర్రున చిరిగిపోయింది. మెడ మీద తాడు పెట్టి లాగినట్టు ఎర్రటి చార చాన్నాళ్లు ఉంది. మిగిలిన తువ్వాలు ముక్కని షాఫ్ట్ మీంచి కొడవలితో కోసి తీయాల్సి వచ్చింది, అంత గట్టిగా బిగుసుకుంది. అదే కొత్త తువ్వాలైతే ఏమయ్యేదో మీరే అనుకోండి.

అందుకని: గార్డు విడిగా దొరుకుతుంది, షాఫ్ట్ సైజు చెప్పి తెచ్చుకోండి. షాఫ్ట్ ధర ముందు దాని ధర లెక్కలోది కాదు. దాని గొలుసులు రెండూ తిరగని చోట కట్టాలి, ఒకటి ట్రాక్టర్‌కి, ఒకటి రోటావేటర్ ఫ్రేముకి. లేపినప్పుడు లాక్కుపోకుండా కొంచెం వదులుంచండి. లోయర్ లింక్‌కి చుట్టేసి వదిలేస్తే రెండ్రోజుల్లో తెగుతుంది. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు గార్డుని చేత్తో తిప్పి చూడండి, షాఫ్ట్‌తో సంబంధం లేకుండా హాయిగా తిరగాలి. బిగుసుకుపోతే అది షాఫ్ట్‌తో పాటే తిరుగుతుంది, అలాంటిది ఉన్నా లేనట్టే. పీటీవో మీద ట్రాక్టర్‌తో వచ్చే రేకు కూడా చూసుకోండి, ట్రక్కు (ట్రైలర్) తగిలించేటప్పుడు అడ్డమని ఊడదీసిన ఆ రేకు చాలా ఇళ్లలో అటకమీదే ఉంటుంది. గార్డు ఉన్నా లుంగీ, తువ్వాలు, వేలాడే దారాలు వద్దు. నిక్కరో ప్యాంటో వేసుకోమనండి. రోటావేటర్ మీద ఎవరూ ఎక్కకూడదు, బరువు కోసం మనిషిని నిలబెట్టే అలవాటు మన పక్క ఇంకా ఉంది. కాలు జారితే కింద తిరిగేవి బ్లేళ్లు.

కొబ్బరి తోటల్లో దున్నించే ఆలోచన ఉంటే ఇంకో మాట. మట్టలు, డొక్కలు, పీచు రోటర్‌కి చుట్టుకుని తాడులా పేనుకుపోతాయి. రావులపాలెం వైపు అరటి తోటల్లో అరటి బోదెల నార కూడా అంతే. దమ్ములోనూ, కంబైన్ కోసిన చేలో గడ్డి అలాగే చుట్టుకుంటుంది. అది తీయాలంటే బండి ఆపడం, పీటీవో న్యూట్రల్, తాళం చెవి జేబులో, కింద దిమ్మ, ఆ తర్వాతే కొడవలి. వేరే మనిషిని సీటు మీద కూర్చోబెట్టి ‘కొంచెం తిప్పు, కొంచెం తిప్పు’ అనడం వద్దే వద్దు. తిప్పాలంటే షాఫ్ట్ ఊడదీసి రోటర్‌ని కర్రతో తిప్పుకోండి.

షేర్ బోల్ట్ తెగిందంటే అది దాని పని అది చేసిందని. కొబ్బరి మొద్దుకో వేరుకో తగిలినప్పుడు బోల్ట్ తెగి గేర్‌బాక్స్‌ని కాపాడుతుంది. తెగిందని గట్టి బోల్ట్ వేయించుకుంటే ఈసారి తెగేది గేర్ పళ్లే. తల మీద ఉన్న నంబరు చూసి అదే గ్రేడు, అదే మందం తెచ్చుకోండి, నాలుగు ఎక్కువే టూల్‌బాక్స్‌లో పడేయండి. క్లచ్ రకం అయితే మీది పాతది కాబట్టి ప్లేట్లు తుప్పుతో అతుక్కుని ఉండొచ్చు. స్ప్రింగ్ నట్లు ఎంతవరకూ బిగించి ఉన్నాయో గుర్తు పెట్టుకుని, వదులు చేసి, కాసేపు జారేలా తిప్పి, మళ్లీ అదే గుర్తుకి బిగించండి.

గ్రీజు: క్రాసులకి, గొట్టాలకి, గార్డు బేరింగులకి రోజూ, అంటే ఎనిమిది పది గంటల పనికోసారి. దమ్ము రోజుల్లో సాయంత్రం కడిగాక పెట్టండి, లోపలికి వెళ్లిన బురదనీళ్లు గ్రీజుతో పాటు బయటికి వచ్చేస్తాయి. గేర్‌బాక్స్ ఆయిల్ ఒకసారి కిందకి వదిలి చూడండి. పాలలా తెల్లగా వస్తే నీళ్లు కలిశాయి, పక్క సీల్ పోయినట్టు. దమ్ముకి దింపే ముందే అది మార్పించాలి. బ్లేళ్ల నట్లు కొత్తగా బిగించాక మొదటి గంట పని తర్వాత మళ్లీ ఒకసారి బిగించండి. బ్లేడు పదునంచు నేలని ముందుగా తాకేలా ఉండాలి, కుడి ఎడమలు తారుమారు కాకూడదు.

డ్రైవర్‌ని నేర్చుకోవడానికి పంపగలిగితే అనంతపురం దగ్గర గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ సంస్థ ఉంది. దూరమే, దమ్ము సీజన్‌లో కుదరదు, వేసవిలో చూసుకోవచ్చు.

ఇక పాత షాఫ్టే ఉంచుకోవాలా కొత్తది కొనాలా అన్నదానికి: గొట్టాలు తిన్నగా ఉండి, చేత్తో సులువుగా జారుతూ, యోకు కంతలు కోలగా అరగకుండా ఉంటే పాతదే కొలిచి కోయించి, క్రాసులు రెండూ కొత్తవి వేసి, గార్డు తొడగండి. గొట్టం మీద ఎక్కడైనా వెల్డింగ్ అతుకు కనిపించినా, నెలవంకలా వంగినట్టున్నా పాత ఇనుము కింద ఇచ్చేసి కొత్తది తెచ్చుకోండి, దాన్ని కూడా ఇలాగే కొలిచి కోయించాలి.